ఒక మెరూన్, ఆరు రాతలు: వెబ్ పేజీలో రంగు ఎలా చెప్పాలి?

పొందూరు ఖద్దరు అమ్మే ఒక దుకాణానికి వెబ్ పేజీ తయారు చేస్తున్నారనుకుందాం. వెనక లేత క్రీమ్ రంగు, పైన దుకాణం పేరు మెరూన్‌లో. ఆ మెరూన్‌ని బ్రౌజర్‌కి చెప్పడానికి కనీసం ఆరు దారులున్నాయి. మెరూన్ అని పేరు రాసేయొచ్చు. #800000 అని రాయొచ్చు. ఆర్‌జీబీ(128 0 0) అనొచ్చు. హెచ్‌ఎస్‌ఎల్(0 100% 25%) అనొచ్చు. హెచ్‌డబ్ల్యూబీ(0 0% 50%) అన్నా ఆ రంగే వస్తుంది. ఈ మధ్య వచ్చిన ఓకేఎల్‌సీహెచ్(0.377 0.155 29) రాసినా కంటికి తేడా తెలియదు. (కోడ్‌లో ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటాయి. చదువుకోవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.)

కొత్తగా వెబ్ డిజైన్ నేర్చుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. వీటిలో ఏది బెస్ట్, ఏది ఫాస్ట్ అని వెతుకుతారు. స్పీడ్ గొడవ అసలు లేదు. ఏది రాసినా చివరికి బ్రౌజర్ దాన్ని తనకు కావలసిన అంకెల్లోకి మార్చుకుంటుంది. మరి తేడా ఎవరికి? ఆ పేజీని ఆర్నెల్ల తర్వాత తెరిచి, "ఈ మెరూన్ కాస్త తగ్గించాలి" అని కూర్చునే మనిషికి. ఆ మనిషి చేయబోయే మార్పు ఏ రాతలో తేలికో చూసుకుని ఎంచుకుంటే సగం తలనొప్పి పోతుంది.

ముందు పాత పద్ధతి సంగతి తేల్చేద్దాం. ఒకప్పుడు రంగును మార్కప్‌లోనే, ట్యాగ్ పక్కనే రాసేవారు. పేజీ వెనక రంగుకి బాడీ ట్యాగ్‌లో బీజీకలర్, అక్షరాలకి ఫాంట్ ట్యాగ్‌లో కలర్. పేజీని రాసే భాష హెచ్‌టీఎంఎల్. 1997లో వచ్చిన దాని 4.0 రూపం ఈ పద్ధతిని వదిలేయమని చెప్పింది, రంగుల పనిని సీఎస్ఎస్‌కి (పేజీ రూపురేఖలు విడిగా రాసే భాషకి) అప్పగించింది. అయినా పాత పేజీలు చెడిపోకూడదని బ్రౌజర్లు నేటికీ బీజీకలర్‌ను మన్నిస్తున్నాయి. ఎంతగా మన్నిస్తాయంటే, అక్కడ ఏ రంగూ కాని మాట రాసినా ఏదో ఒక రంగు తీసి చూపిస్తాయి.

బీజీకలర్‌లో బొబ్బిలి అని ఇంగ్లిష్‌లో రాసి చూడండి. ఏడు అక్షరాలు. అందులో రంగు కోడ్‌లో చెల్లేవి, అంటే ఎ నుంచి ఎఫ్ లోపు ఉన్నవి, మూడు బీలే. మిగిలిన నాలుగింటి చోట బ్రౌజర్ సున్నాలు వేస్తుంది. ఏడుని మూడు సమాన ముక్కలు చేయలేదు కాబట్టి చివర ఇంకో రెండు సున్నాలు తగిలిస్తుంది. తొమ్మిదిని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో మొదటి రెండు గుర్తులే ఉంచుకుంటుంది. చివరికి మిగిలేది ఎరుపు 176, ఆకుపచ్చ 176, నీలం 0. అంటే ఆకుపచ్చ కొట్టే ముదురు పసుపు. ఇదే లెక్కలో పదమూడు ఇంగ్లిష్ అక్షరాల చీపురుపల్లికి ఎరుపు 192, మిగతా రెండూ సున్నా. చక్కటి ముదురు ఎరుపు! నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. పేరులో ఒక అక్షరం తప్పు పడితే బీజీకలర్ తప్పని చెప్పదు, ఏదో ఒక రంగు పూసేస్తుంది. సీఎస్ఎస్ అలా చేయదు. అర్థం కాని రంగు కనిపిస్తే ఆ లైన్‌ని మొత్తంగా వదిలేస్తుంది. సీఎస్ఎస్‌కి మారడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఇక పేర్లు. మొదట్లో హెచ్‌టీఎంఎల్‌లో 16 పేర్లే ఉండేవి: మెరూన్, నేవీ, ఆలివ్, టీల్ లాంటివి. తర్వాత యూనిక్స్ కంప్యూటర్ల ఎక్స్11 వ్యవస్థలో ఉన్న పెద్ద జాబితాను తెచ్చి కలిపారు. ఇప్పుడు మొత్తం 148. అందులో టొమాటో ఉంది, చాక్లెట్ ఉంది, పపాయావిప్ కూడా ఉంది. మన మిరపపండు ఎరుపు, నెమలికంఠం, వంకాయ రంగు లేవు. రెండు జాబితాలు కలిపినప్పుడు ఒక తమాషా జరిగింది. హెచ్‌టీఎంఎల్‌లో గ్రే అంటే 128 128 128. ఎక్స్11లో గ్రే అంతకన్నా లేత రంగు. వెబ్‌లో మొదటిదాన్నే ఉంచి, డార్క్‌గ్రేని మాత్రం ఎక్స్11 నుంచి ఉన్నదున్నట్టు తీసుకున్నారు. అది 169 169 169. అందుకే వెబ్‌లో డార్క్‌గ్రే, మామూలు గ్రే కన్నా లేతగా ఉంటుంది. లైమ్ అంటే పూర్తి ఆకుపచ్చ, గ్రీన్ అంటే అందులో సగం అంకె. పేరును నమ్మి రంగు ఊహించుకుంటే ఇలాంటి చోట దెబ్బతింటాం.

ఆ 148లో ఒక్క పేరు వెనక మాత్రం ఒక చిన్న పాప ఉంది. సీఎస్ఎస్‌పై ఎన్నో పుస్తకాలు రాసిన ఎరిక్ మేయర్ కూతురు రెబెక్కా 2014లో ఆరేళ్ల వయసులో క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ పాప జ్ఞాపకంగా #663399కి రెబెక్కాపర్పుల్ అని పేరు పెట్టి ప్రమాణంలో చేర్చారు.

నా మటుకు నేను పేర్లను నమూనా వేసేటప్పుడే వాడతాను. ఏ డబ్బా ఎక్కడిదాకా వస్తోందో చూడటానికి టొమాటో అని కొట్టి చూసుకుని, పని కాగానే తీసేయడం. బ్లాక్, వైట్, ట్రాన్స్‌పరెంట్ అన్నవి పేర్లతోనే ఉంచినా నష్టం లేదు.

ఆర్‌జీబీ, హెక్స్ (# గుర్తుతో మొదలయ్యే రాత) రెండూ ఒకటే లెక్క. విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్‌ని తలుచుకోండి. ఒక లాంతరు అద్దం ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం అనుకుందాం. ఒక్కో వత్తిని సున్నా నుంచి 255 దాకా పెంచుకోవచ్చు. మూడూ ఆర్పేస్తే నలుపు, మూడూ పూర్తిగా పెంచితే తెలుపు. ఎరుపు, ఆకుపచ్చ పెంచి నీలం ఆర్పితే పసుపు. ఇవి వెలుగులు. పెయింట్ డబ్బాలు కలిపినట్టు ఆలోచిస్తే ఎరుపు, ఆకుపచ్చ కలిసి పసుపు కావడం ఎప్పటికీ అంతుపట్టదు. ఒక్కోదానికి 256 మెట్లు కాబట్టి మొత్తం 1,67,77,216 రంగులు.

హెక్స్ అంటే ఆ మూడు అంకెలనే పదహారు ఆధారంగా రాసి వరసగా పేర్చడం. పదహారు గుర్తుల కోసం 0 నుంచి 9, ఆపైన ఎ నుంచి ఎఫ్. ఒక్కో వత్తికి రెండేసి గుర్తులు. ఎడమ గుర్తు విలువ పదహారు రెట్లు, కుడిది ఉన్నంతే. 80 అంటే ఎనిమిది పదహార్లు, 128. అందుకే మెరూన్ #800000 అయింది. రెండేసి గుర్తులు ఒకేలా ఉంటే సగానికి కుదించవచ్చు: #663399ని #639 అంటే చాలు. కానీ మెరూన్‌ని కుదిద్దామని #800 రాస్తే అది #880000 అయిపోతుంది. తేడా కొద్దిగానే ఉంటుంది, కానీ ఒకచోట అదీ ఒకచోట ఇదీ పెట్టి, బోర్డర్‌కీ బటన్‌కీ రంగు ఎందుకు కలవడం లేదని కళ్లు నులుముకునేవాళ్లు ఉంటారు.

పారదర్శకత కావాలంటే హెక్స్ చివర ఇంకో రెండు గుర్తులు చేర్చొచ్చు. #80000080 అంటే దాదాపు సగం పారదర్శకమైన మెరూన్. ఆండ్రాయిడ్ యాప్‌లు కూడా చేసేవాళ్లు ఇక్కడ కాస్త చూసుకోవాలి. అక్కడ ఆ పారదర్శకత గుర్తులు ముందు వస్తాయి, వెబ్‌లో చివర. ఒకచోటి కోడ్ ఇంకోచోట అతికిస్తే రంగే మారిపోతుంది. అందుకే పారదర్శకత ఉన్నచోట ఆర్‌జీబీ(128 0 0 / 50%) అని విడమరిచి రాయడం మంచిది. చూడగానే సగం అని తెలుస్తుంది.

హెక్స్ బలం ఒకటే: ఎక్కడికైనా చెల్లుతుంది. లోగో వేసినవాళ్లు ఇచ్చేది అదే, ఫొటోషాప్‌లో కనిపించేదీ అదే, వాట్సాప్‌లో పంపుకునేదీ అదే. దుకాణం లోగో రంగులా ఎప్పటికీ మారకూడని రంగు అయితే హెక్స్‌లోనే ఉంచండి. దాని లోపం చూడాలంటే మాత్రం #8a3b12 లాంటి రాతను తీసుకుని, ఇదే రంగు కాస్త లేతగా కావాలంటే ఏం రాయాలో ఆలోచించండి. మూడు జతల్నీ మార్చాలి, ఎంత మార్చాలో బుర్రకి తట్టదు.

ఆ కష్టం తీర్చడానికే హెచ్‌ఎస్‌ఎల్. మొదటి అంకె హ్యూ: రంగుల చక్రంలో డిగ్రీలు. ఎరుపు 0, ఆకుపచ్చ 120, నీలం 240. రెండోది శాచురేషన్, అంటే రంగు ఎంత చిక్కగా ఉందో. మూడోది లైట్‌నెస్, ఎంత వెలుగుందో. దుకాణం యజమాని పక్కన కూర్చుని "బాబూ, ఆ ఎరుపు కొంచెం తగ్గించు, మరీ కొట్టొచ్చినట్టుంది" అంటే రెండో అంకె తగ్గిస్తే సరి. "బటన్ మీద వేలు పెడితే కాస్త ముదరాలి" అంటే మూడోది. మనుషులు రంగు గురించి మాట్లాడుకునే తీరుకు ఇది దగ్గరగా ఉంటుంది. హెచ్‌డబ్ల్యూబీ కూడా ఈ కుటుంబమే. రంగులో తెలుపు ఎంత, నలుపు ఎంత కలిసిందో చెబుతుంది. వాడేవాళ్లు తక్కువ.

అయితే హెచ్‌ఎస్‌ఎల్ చెప్పే లైట్‌నెస్ ఒక అబద్ధం. హెచ్‌ఎస్‌ఎల్(60 100% 50%) నిండు పసుపు. హెచ్‌ఎస్‌ఎల్(240 100% 50%) నిండు నీలం. రెండింటికీ లైట్‌నెస్ 50 శాతమే. కానీ పసుపు కళ్లు చెదిరేంత వెలుగ్గా ఉంటుంది, నీలం చీకటిగా ఉంటుంది. కొలిచి చూస్తే పసుపు వెలుగు నీలం కన్నా దాదాపు 13 రెట్లు. మన కన్ను ఆకుపచ్చ వెలుగును ఎక్కువగా, నీలాన్ని బాగా తక్కువగా పట్టుకుంటుంది. స్క్రీన్ వెలుగు లెక్క కట్టే సూత్రంలో ఆకుపచ్చ వాటా 0.7152, ఎరుపుది 0.2126, నీలానిది 0.0722 మాత్రమే. హెచ్‌ఎస్‌ఎల్ ఈ తేడాని పట్టించుకోకుండా మూడింటినీ ఒకే తూకం వేస్తుంది. ఫలితం? పొందూరు ఖద్దరు, అరకు కాఫీ, పలాస జీడిపప్పు అని మూడు సరుకులకు మూడు రంగుల బటన్లు పెట్టి, హ్యూ మాత్రమే మార్చి మిగతావి అలాగే ఉంచితే, ఒకదాని మీద తెల్ల అక్షరాలు చక్కగా కనిపిస్తాయి, ఇంకోదాని మీద మాయమవుతాయి.

ఓకేఎల్‌సీహెచ్ వచ్చింది ఇందుకే. స్వీడన్‌కు చెందిన బియోర్న్ ఒట్టొసన్ 2020 డిసెంబరులో ఓకేల్యాబ్ అనే రంగుల కొలతను ప్రకటించాడు. కంటికి సమానంగా అనిపించే తేడాలు అంకెల్లోనూ సమానంగా ఉండాలన్నది దాని ఉద్దేశం. దాన్నే లైట్‌నెస్, క్రోమా (రంగు చిక్కదనం), హ్యూ రూపంలో రాస్తే ఓకేఎల్‌సీహెచ్. ఇందులో అదే నిండు పసుపు లైట్‌నెస్ 0.97, నిండు నీలం 0.45. ఇప్పుడు అంకె చూసి నమ్మొచ్చు. మూడు బటన్లకూ లైట్‌నెస్ 0.45 అని పెట్టి హ్యూ మార్చుకుంటూ పోతే, తెల్ల అక్షరాలు మూడింటి మీదా దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మన మెరూన్ హ్యూ 29, నిండు ఎరుపు హ్యూ కూడా 29. రెండూ ఒకే కుటుంబమని అంకెలే చెబుతున్నాయి. మెరూన్ హ్యూని అలాగే ఉంచి, లైట్‌నెస్‌ని 0.377 నుంచి 0.9కి పెంచి, క్రోమాని తగ్గిస్తే అదే కుటుంబంలో లేత రంగు వస్తుంది. దాన్ని నోటీసు డబ్బాల వెనక వేసుకోవచ్చు.

హెచ్‌ఎస్‌ఎల్‌కి అలవాటు పడ్డవాళ్లు ఒకటి గమనించాలి. ఇక్కడ హ్యూ డిగ్రీలు వేరు. ఎరుపు 0 దగ్గర ఉండదు, 29 దగ్గర ఉంటుంది. పసుపు 110, నీలం 264. పాత అంకె తెచ్చి ఇక్కడ పెట్టేస్తే ఎరుపు బదులు గులాబీ వస్తుంది. ఇంకోటి, స్క్రీన్ చూపించలేని రంగుల్ని కూడా ఇందులో రాయవచ్చు. అప్పుడు బ్రౌజర్ తనకు చేతనైన దగ్గరి రంగు చూపిస్తుంది. క్రోమాని ఇష్టమొచ్చినట్టు పెంచి, ఎంత పెంచినా ఏమీ మారడం లేదేంటని ఆశ్చర్యపోనక్కర్లేదు.

క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 2023లో, సఫారీ అంతకు ఏడాది ముందు దీన్ని అందుకున్నాయి. ఏళ్ల తరబడి అప్‌డేట్ కాని ఫోన్లు ఇంకా చేతుల్లో ఉన్నాయి కాబట్టి ముందు లైన్‌లో #800000, దాని కింద లైన్‌లో ఓకేఎల్‌సీహెచ్ రాయడం ఆనవాయితీ. పాత బ్రౌజర్ రెండో లైన్ అర్థం కాక వదిలేస్తుంది, కొత్తది రెండోదాన్నే తీసుకుంటుంది. ఈ చిట్కా ఒక చోట పనిచేయదు: సీఎస్ఎస్ వేరియబుల్స్‌లో (విలువకు ఒక పేరు పెట్టి, ఆ పేరుతో ఎక్కడైనా వాడుకునే పద్ధతి). వేరియబుల్‌లో ఏం రాసినా బ్రౌజర్ అప్పటికి ప్రశ్నించకుండా దాచుకుంటుంది. వాడే చోట తెరిచి చూసి, అర్థం కాకపోతే అప్పుడు వదిలేస్తుంది. అప్పటికే పై లైన్‌లోని హెక్స్ చెరిగిపోయి ఉంటుంది. కాబట్టి వేరియబుల్స్ వాడితే ముందు హెక్స్ విలువలు పెట్టి, సపోర్ట్స్ షరతు (ఈ రాత నీకు తెలుసా అని బ్రౌజర్‌ని అడిగేది) లోపల కొత్తవి మళ్లీ రాయాలి.

వేరియబుల్స్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: రంగు ఏ రాతలో ఉందన్నదానికన్నా, అది పేజీలో ఎన్ని చోట్ల ఉందన్నది పెద్ద సమస్య. మెరూన్ నలభై చోట్ల చెదిరి ఉంటే ఏ రాతా కాపాడలేదు. అన్ని రంగులూ ఒకే చోట వేరియబుల్స్‌గా పెట్టుకోండి. వాటికి పేరు పెట్టేటప్పుడు మెరూన్ అని పెట్టకండి, శీర్షిక రంగు, బటన్ రంగు అని పని బట్టి పెట్టండి. లేకపోతే ఏడాది తర్వాత దుకాణం రంగు ఆకుపచ్చకు మారినప్పుడు, మెరూన్ అనే పేరులో ఆకుపచ్చ కూర్చుంటుంది. ఐకాన్లు, అండర్‌లైన్ల లాంటివాటికి కరెంట్‌కలర్ అని రాస్తే అక్షరాల రంగునే అవీ తీసుకుంటాయి, వేరే చెప్పక్కర్లేదు.

ఇక మన యజమాని తప్పకుండా అడిగేది: "బాబూ, తెల్లటి మీద పసుపు అక్షరాలు పెట్టు, కళకళలాడుతుంది." ఏ రాతలో రాసినా ఇక్కడ గట్టెక్కలేం. చదవగలమా లేదా అనేది రెండు రంగుల వెలుగుల మధ్య నిష్పత్తి మీద ఆధారపడుతుంది. డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలంటాయి, పెద్ద అక్షరాలకు 3 చాలు. తెలుపు మీద బంగారు పసుపు (255 204 0) పెడితే వచ్చేది 1.5. తెలుపు మీద మెరూన్ దాదాపు 10.9. ఆ పసుపునే నలుపు మీద పెడితే 13 దాటుతుంది, అంటే యజమాని కోరికను నేపథ్యం మార్చి తీర్చవచ్చు. తెలుపు మీద గ్రే అక్షరాలంటే డిజైనర్లకు మోజెక్కువ. అక్కడ గీత చాలా సన్నం: #767676 పాసవుతుంది, #777777 ఫెయిలవుతుంది. ఆ రెండూ పక్కపక్కన పెడితే తేడా ఎవరూ కనిపెట్టలేరనుకోండి, ఎక్కడో ఒకచోట గీత గీయాలిగా.

తెలుగు పేజీలకు ఆ 4.5 సరిపోదనే నా ఉద్దేశం. ఇంగ్లిష్‌లో అక్షరం కాస్త మసకబారినా మాట పోల్చుకోవచ్చు. మనకు వత్తులు కింద చిన్నగా ఉంటాయి, గుడికీ గుడిదీర్ఘానికీ ఉన్న తేడా ఒక చిన్న మెలిక. గ్రే రంగులో సన్నటి ఫాంట్ పెడితే ముందు పోయేవి అవే. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో మే నెల మధ్యాహ్నం బ్రైట్‌నెస్ సగానికి తగ్గించిన ఫోన్‌లో ధరలు చూసుకునే మనిషిని మనసులో పెట్టుకుని, అదే మార్గదర్శకాల్లోని పై మెట్టు 7ని లక్ష్యంగా పెట్టుకోండి. బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో రంగు డబ్బా మీద నొక్కితే ఈ నిష్పత్తి అక్కడే కనిపిస్తుంది. స్టాక్ ఉందా లేదా అనేది ఆకుపచ్చ, ఎరుపు చుక్కలతోనే చెప్పి ఊరుకోకండి. ఆ రెండూ వేరుగా కనిపించనివాళ్లు ఉన్నారు, పక్కన మాట కూడా ఉండాలి.

ఫ్లెక్సీ వేసిన షాపువాళ్లు సీఎంవైకే అంకెలు ఇస్తే వాటిని నేరుగా పెట్టలేరు. అవి కాగితం మీద సిరా లెక్కలు, బ్రౌజర్లు వాటిని తీసుకోవు. కోరల్‌డ్రాలో ఆర్‌జీబీకి మార్చి హెక్స్ తీసుకోవాలి. అలా చేసినా ఫ్లెక్సీలో ఉన్న రంగే అచ్చంగా ఫోన్‌లో రాదని యజమానికి ముందే చెప్పేస్తే తర్వాత టెన్షన్ ఉండదు. పండక్కి కస్టమర్లకు పంపే ఈమెయిల్‌కి మాత్రం ఈ కొత్త రాతలు ఏవీ వద్దు. కొన్ని మెయిల్ ప్రోగ్రామ్‌లు సీఎస్ఎస్‌ని అరకొరగానే అర్థం చేసుకుంటాయి. అక్కడ ఆరు గుర్తుల హెక్స్, పట్టిక గదులకు ఆ పాత బీజీకలర్, ఇంతే.